గుంటూరు నూలు, ఢాకా కుట్టు, డాలస్ షాపు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు తన చొక్కా లేబుల్ ఫోటో పంపాడు. గుడ్డ ఒక దేశానిది, కుట్టింది ఇంకో దేశంలో, కంపెనీ మూడో దేశానిది, ఎందుకిలా అని అడిగాడు. పది లైన్ల జవాబు రాశాను. ఆ పది లైన్లకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఇంక దేనికీ రాలేదు. రాసినవాళ్లలో మిల్లు కార్మికుల పిల్లలున్నారు, మెషిన్ మీద కూర్చునే అమ్మాయిలున్నారు, అమెరికాలో ఆ బట్టలు కొనేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే. బట్టల ఎగుమతుల్లో పద్నాలుగేళ్లు మర్చండైజర్‌గా, అంటే కొనే కంపెనీకీ ఫ్యాక్టరీకీ మధ్య ఆర్డర్లు చూసుకునే పని చేశాను, అందులో నాలుగేళ్లు ఢాకా పక్కన గాజీపూర్‌లో. కాబట్టి ఇది నాకు పుస్తకాల్లో చదివిన విషయం మాత్రమే కాదు.

ప్ర: మా నాన్న గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో చేస్తారు. వాళ్ల నూలు బంగ్లాదేశ్‌కి పోతుందట. పత్తి మనది, నూలు మనది, చొక్కా మాత్రం వాళ్లెందుకు కుడుతున్నారు? మనమే కుట్టి అమ్మొచ్చు కదా? (డిగ్రీ విద్యార్థి, గుంటూరు జిల్లా)

జ: తమ్ముడూ, గాజీపూర్‌లో చేరిన మొదటి వారంలో ఫ్యాక్టరీ స్టోర్‌లోకి వెళ్తే నూలు కోన్ల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద గుంటూరు అని చూసి అక్కడే నిలబడిపోయాను. ఇది మా ఊరికి గంట దూరమని స్టోర్ కీపర్‌తో చెబితే ఆయన నాకు టీ తెప్పించి, మీ నూలు బాగుంటుంది కానీ లాట్ మారితే రంగు తేడా వస్తోంది, మీవాళ్లకు చెప్పండి అన్నాడు. నీకొచ్చిన సందేహమే ఆ రోజు నాకూ వచ్చింది.

వాళ్ల కథ మొదటి నుంచి చెప్పాలి. బంగ్లాదేశ్ పుట్టింది 1971లో. 1974లో ఘోరమైన కరువు. ఎగుమతుల్లో పెద్ద భాగం జనపనారదే. ఆ రోజుల్లో ధనిక దేశాలు మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ అనే ఒప్పందం కింద ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు రానివ్వాలో కోటాలు పెట్టుకున్నాయి. దక్షిణ కొరియాకి కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్‌కి కోటా అడ్డమే లేదు, ఎందుకంటే అక్కడ ఎగుమతికి కుట్టేవాళ్లే దాదాపు లేరు. అందుకని కొరియా కంపెనీ దేవూ అక్కడ తోడు వెతుక్కుంది. నూరుల్ ఖాదిర్ అనే మాజీ ప్రభుత్వాధికారి పెట్టిన దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది, 1979లో 130 మందిని కొరియాలోని బుసాన్‌కి తీసుకెళ్లింది. అందులో అమ్మాయిలూ ఉన్నారు. ఆరు నెలలపాటు కటింగ్, కుట్టు, క్వాలిటీ, షిప్‌మెంట్ కాగితాలు అన్నీ నేర్పింది. 1980లో చిట్టగాంగ్‌లో ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. తర్వాత కొన్నేళ్లలో ఆ 130 మందిలో 115 మంది దేశ్ గార్మెంట్స్ వదిలి బయటికొచ్చారు, సొంత ఫ్యాక్టరీలు పెట్టినవాళ్లు కొందరు, వేరే ఫ్యాక్టరీల్లో మేనేజర్లుగా చేరినవాళ్లు కొందరు. ఆ కంపెనీకి అది నష్టమే అయ్యుండొచ్చు, దేశానికి మాత్రం అదే విత్తనం.

ఇంకో రెండు పనులు అక్కడి ప్రభుత్వం, బ్యాంకులు చేశాయి, వీటి గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. ఒకటి బాండెడ్ వేర్‌హౌస్. ఎగుమతి కోసం తెచ్చుకున్న గుడ్డని సుంకం కట్టకుండా సీలు వేసిన గోడౌన్‌లో పెట్టుకోవచ్చు. రెండోది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. బయ్యరు, అంటే బట్టలు కొనే విదేశీ కంపెనీవాడు, లక్ష డాలర్ల ఆర్డరుకి ఎల్‌సీ తెరుస్తాడు, అంటే సరుకు పంపి కాగితాలు చూపిస్తే డబ్బుకి బ్యాంకు పూచీ. ఆ ఎల్‌సీని చూపించి ఢాకా ఫ్యాక్టరీ ఓనరు తన బ్యాంకులో గుడ్డ అమ్మేవాడి పేరు మీద ఇంకో ఎల్‌సీ తెరుస్తాడు. చొక్కా ఖర్చులో పెద్ద ముక్క గుడ్డే కదా, దానికి తన జేబులోంచి రూపాయి తీయక్కర్లేదు. మెషిన్లు, షెడ్డు, జీతాలు చూసుకుంటే చాలు. డబ్బున్నవాడే ఫ్యాక్టరీ పెట్టాలన్న నియమం అక్కడ అలా పోయింది.

ఇక మన సంగతి. రెడీమేడ్ బట్టల్ని 2000 సంవత్సరం చివరి దాకా చిన్న పరిశ్రమలకే రిజర్వు చేసి ఉంచాం, టీషర్టుల్లాంటి నిట్ (అల్లిక) బట్టల్ని 2005 దాకా. ఉద్దేశం మంచిదే. కానీ బయ్యరు వచ్చి మూడు నెలల్లో ఐదు లక్షల టీషర్టులు కావాలంటే యాభై మెషిన్ల షెడ్డువాడు ఏం చెయ్యగలడు? వాళ్లు ఒకే కప్పు కింద వెయ్యి మెషిన్లు నడుపుతుంటే, మనవాళ్లు ఒక్కో షెడ్డుని ఒక్కో పేరు మీద చూపించి నెట్టుకొచ్చారు. దానికి తోడు 2001 నుంచి యూరప్ బంగ్లాదేశ్ బట్టలకి సుంకం లేకుండా తలుపు తెరిచింది, మన బట్టల మీద చాలా ఏళ్లు తొమ్మిది శాతం పైన వేసింది. ఈ వ్యాపారంలో రెండు శాతం మిగిలితే పండగ, తొమ్మిది శాతం తేడా ఎక్కడి నుంచి తెస్తాం?

అలాగని మనం కుట్టడం లేదని అనుకోకు. తమిళనాడులో తిరుప్పూర్ ఉంది. అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ పెట్టిన పార్కులో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. శ్రీలంకవాళ్లు తమ దగ్గర నేర్చుకున్న పనిని పట్టుకొచ్చి మన దగ్గర పెట్టుబడి పెట్టారంటే, నేర్చుకున్న దేశం ఎంత దూరం పోతుందో చూడు.

మీ నాన్నగారి ఉద్యోగం మాత్రం ఇప్పటికీ కొంత ఢాకా చేతిలోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలుని రోడ్డు సరిహద్దుల మీదుగా రానివ్వడం ఆపేసింది, మే నెలలో మనం వాళ్ల బట్టల్ని భూమార్గంలో ఆపి కోల్‌కతా, నవాశేవా రేవులకే పరిమితం చేశాం. వాళ్లు కుట్టడం తగ్గిస్తే మన కోన్లు గోడౌన్‌లో ఉండిపోతాయి. కాబట్టి వాళ్లు మన చొక్కా లాక్కున్నారన్న కోపం పెట్టుకోవద్దు.

ప్ర: గ్లోబల్ సప్లై చైన్‌ని తెలుగులో ఏమనాలి? (ఉపాధ్యాయురాలు, ఒంగోలు)

జ: పేపర్లలో సరఫరా గొలుసు అని రాస్తున్నారు, పిల్లలకు అలా చెప్పినా అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో ఎవరూ ఆ మాట అనరు టీచర్‌గారూ, ఆర్డర్, షిప్‌మెంట్, బయ్యరు అంటారు, అంతే. క్లాసులో చెప్పాలంటే ఒక్క చొక్కా తీసుకెళ్లండి. పత్తి ఎక్కడిది, నూలు ఎక్కడిది, గుడ్డ ఎక్కడ నేశారు, బొత్తాలు ఎక్కడివి, ఎవరు కుట్టారు, ఏ ఓడలో పోయింది, ఎవరు అమ్మారు అని బోర్డు మీద గీయించండి.

ప్ర: మా అక్క సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో చేస్తుంది. డిస్‌ప్లే, చిప్, కెమెరా అన్నీ బయటి దేశాల నుంచి పెట్టెల్లో వస్తాయట, వీళ్లు బిగిస్తారట. స్క్రూలు బిగించి మేడిన్ ఇండియా అనుకోవడమేంటని మా లెక్చరర్ అన్నారు. నాకు చాలా బాధనిపించింది. నిజంగా అది తయారీ కాదా? (పాలిటెక్నిక్ విద్యార్థిని, సూళ్లూరుపేట)

జ: తయారీయే అమ్మా. మీ అక్క చేతిలో ఉన్న పని ఒకప్పుడు చైనా చేసిన పనే. 2010లో యుచింగ్ షింగ్, నీల్ డెటర్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఐఫోన్ 3జీ లెక్క విప్పి చూశారు. ఫోన్ తయారీ ఖర్చు 178.96 డాలర్లు. అందులో చైనాలో బిగించినందుకు వచ్చింది 6.50 డాలర్లు. మిగతాదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా లాంటి దేశాల నుంచి వచ్చిన భాగాలది. కస్టమ్స్ పుస్తకాల్లో మాత్రం మొత్తం 178.96 డాలర్లూ చైనా ఎగుమతిగానే రాసుకున్నారు. ఈ రోజు మీ లెక్చరర్‌గారు అన్నమాటే ఆ రోజు చైనా గురించీ చాలామంది అన్నారు.

తర్వాత ఏమైందో చెబుతాను. వాంగ్ లైచున్ అనే అమ్మాయి 1988లో షెన్‌జెన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో లైన్ మీద పనికి చేరింది. పదేళ్లు అక్కడ చేసి బయటికొచ్చింది. 2004లో లక్స్‌షేర్ అని కంపెనీ పెట్టి కేబుళ్లు, కనెక్టర్లు చేసింది. ఇప్పుడు ఆ లక్స్‌షేర్ ఎయిర్‌పాడ్లు, ఐఫోన్లు బిగించి ఇస్తోంది. జౌ చున్‌ఫే అని ఇంకొకామె, పల్లె నుంచి వచ్చి వాచీ అద్దాల ఫ్యాక్టరీలో కూలీగా చేసింది. 2003లో లెన్స్ టెక్నాలజీ పెట్టి ఫోన్ల మీద గాజు పలకలు చేసే పెద్ద కంపెనీగా మార్చింది. ఇద్దరూ స్క్రూలు బిగించే, గాజు అరగదీసే చోట మొదలైనవాళ్లే.

కానీ మీ లెక్చరర్‌గారి మాటలో ఒక నిజం ఉంది. బిగించే చోటే ఆగిపోతే ఆ 6.50 డాలర్ల దగ్గరే ఉంటాం. శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలైంది. ఉత్పత్తి పెంచినవాళ్లకు ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్‌ఐ పథకం ఫోన్లకు 2020లో వచ్చింది. భాగాలు ఇక్కడే చేసేవాళ్ల కోసం 22,919 కోట్లతో ఇంకో పథకం 2025లో వచ్చింది. అంటే మనకు బిగించడం ముందొచ్చింది, భాగాల మీద దృష్టి పదేళ్లకు వచ్చింది. నువ్వు చదివేది పాలిటెక్నిక్ కాబట్టి ఒక్క మాట. మౌల్డులు, డైలు (అచ్చులు) చేయడం నేర్చుకో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ మీద చెయ్యి తిరగనివ్వు. ఫోన్ వెనక ప్లాస్టిక్ మూత కూడా మౌల్డు లేకపోతే పుట్టదు, ఆ మౌల్డు చేసే మనుషులు మనకు చాలినంతమంది లేరు.

ప్ర: మేం కుట్టే టీషర్టుకి తగిలించే ధర ట్యాగ్ చూశాను. 25 డాలర్లు అని ఉంది, రెండు వేలు పైమాటే. నా రోజు కూలి అందులో పావు వంతు కూడా లేదు. మా లైన్‌లో రోజుకి వందల పీసులు పోతాయి. మిగతా డబ్బంతా ఎవరికి పోతోంది? (గార్మెంట్ కార్మికురాలు, హిందూపురం వైపు. పేరు వద్దన్నారు)

జ: చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దీనికి సమాధానం అంకెల్లోనే చెప్పాలి.

బంగ్లాదేశ్‌లో కుట్టి కెనడాలో 14 డాలర్లకు అమ్మే ఒక పోలో షర్టు లెక్క 2013లో అక్కడి పత్రికలో వచ్చింది. షాపు కంపెనీకి ఆ షర్టు పడింది 5.67 డాలర్లకి. అందులో గుడ్డ, దారం, బొత్తాలు కలిపి 3.69. ఓడ ఖర్చు, బీమా, సుంకం 1.03. ఫ్యాక్టరీ ఓనరు లాభం 58 సెంట్లు. మధ్యలో ఏజెంటు 18 సెంట్లు. ఫ్యాక్టరీ ఇతర ఖర్చులు 7 సెంట్లు. కుట్టినవాళ్ల కూలి 12 సెంట్లు. పద్నాలుగు డాలర్లలో 12 సెంట్లంటే నూటికి ఒకటి కూడా కాదు. మిగిలిన ఎనిమిది డాలర్ల పైచిలుకు షాపు దగ్గర ఉంటుంది, అదంతా లాభం కాదు, అద్దె, జీతాలు, ప్రకటనలు, డిస్కౌంటులో పోయేది అన్నీ అందులోనే. అయినా నీ కూలి రెట్టింపు చేస్తే ఆ షర్టు ధర ఎంత పెరగాలి? 12 సెంట్లు. 14 డాలర్ల షర్టు 14.12 అవుతుంది. కొనేవాడు గమనించడు కూడా.

మరి ఎందుకు పెంచరు? ధరల మీటింగుల్లో నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. బయ్యరు తరఫు మనిషి కాగితం ముందు పెట్టుకుని ఒక్కో లైను చదువుతాడు. గుడ్డ ధర ఇంత, దాన్ని కదిలించలేడు, పత్తి రేటు ప్రపంచమంతా తెలుసు. ఓడ ఖర్చు కదలదు. కదిలేది కుట్టు కూలి ఒక్కటే. పక్క దేశంలో ఐదు సెంట్లు తక్కువకి ఇస్తామన్నారు అంటాడు. ఫ్యాక్టరీ ఓనరు ఆ ఐదు సెంట్లు ఎక్కడి నుంచి తెస్తాడు, లైన్ టార్గెట్ పెంచుతాడు, గంటకి వంద ఉన్నది నూట ఇరవై అవుతుంది. ఆ మీటింగుల నుంచి బయటికొచ్చి లైన్ల మధ్య నడుస్తూ టార్గెట్ బోర్డు మీద అంకె చెరిపి కొత్త అంకె రాయడం చూసిన ప్రతిసారీ నా తల దించుకునే ఉంది.

తైవాన్ కంపెనీ ఏసర్ స్థాపకుడు స్టాన్ షీ 1992లో దీన్ని ఒక గీతగా గీశారు, నవ్వే పెదవుల ఆకారంలో ఉంటుంది. ఎడమ చివర డిజైను, పరిశోధన. కుడి చివర బ్రాండు, అమ్మకం. రెండు చివర్లా డబ్బు ఎక్కువ. మధ్యలో కిందకి వంగిన చోట తయారీ. నువ్వు కూర్చున్నది ఆ కింది చోట. పని సులువని ఆ చోటుకి తక్కువ డబ్బు రావడం లేదు, అదే పని చేసి ఇవ్వడానికి ఇంకో పది దేశాలు వరసలో నిలబడి ఉన్నాయి కాబట్టి వస్తోంది.

పని సులువని ఎవరైనా అంటే వాళ్లకి సూది విరిగిన రోజు గురించి చెప్పు. నీకు తెలిసిందే, మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. మెషిన్ మీద సూది విరిగితే ఆ అమ్మాయి లేచి నిలబడాలి, ముక్కలన్నీ వెతకాలి. అన్నీ దొరికాక ఒక రిజిస్టరులో వాటిని టేపుతో అంటించి, పక్కన తేదీ, టైం, మెషిన్ నంబరు రాసి, సంతకం పెట్టాకే కొత్త సూది ఇస్తారు. బియ్యపు గింజలో సగం ఉండే ముక్క దొరక్కపోతే ఆ చుట్టుపక్కల పీసులన్నీ పక్కన పెట్టి మెటల్ డిటెక్టర్ మీద నడిపిస్తారు. ఎక్కడో ఒక పసిపిల్లకి గుచ్చుకోకూడదని. ఆ వెతికే నిమిషాలు కూడా టార్గెట్లోంచి తీసెయ్యరు చాలా చోట్ల.

కూలి పెరిగిన దాఖలా ఉందా అంటే ఉంది. బంగ్లాదేశ్‌లో గార్మెంట్ కార్మికుల కనీస వేతనం 2010లో నెలకి 3,000 టాకాలు, 2013 చివర్లో 5,300, తర్వాత 8,000, 2023 డిసెంబరు నుంచి 12,500. చివరిసారి కార్మికులు 23,000 అడిగారు. ఇందులో ఏ పెంపూ ఊరికే రాలేదు, ప్రతిదాని ముందూ ఆషులియా, గాజీపూర్ రోడ్ల మీద వేలమంది నడిచారు. మీ దగ్గర యూనియన్ ఉంటే చేరు. లేకపోతే పక్క ఫ్యాక్టరీల్లో ఏం ఇస్తున్నారో కాగితం మీద రాసుకుని నలుగురూ కలిసి అడగండి, ఒక్కదానివే వెళ్లొద్దు.

ప్ర: ఇక్కడ షాపుల్లో మేడిన్ బంగ్లాదేశ్ అని చూసినప్పుడల్లా ఆ బిల్డింగ్ కూలిన వార్త గుర్తొస్తుంది. పిల్లలకు ఆ బట్టలు కొనబుద్ధి కావట్లేదు. మానేస్తే మంచిదా? (గృహిణి, డాలస్)

జ: మానొద్దమ్మా. ఎందుకో చెబుతాను, కానీ ముందు ఆ రోజు గురించి.

రానా ప్లాజా ఢాకా పక్కన సావర్‌లో ఉండేది. ఎనిమిది అంతస్తులు, అందులో ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీలు. 2013 ఏప్రిల్ 23న గోడలు, స్తంభాలు పగుళ్లిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు. బ్యాంకువాళ్లు తమ సిబ్బందిని ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున గార్మెంట్ కార్మికుల్ని మాత్రం లోపలికి రమ్మన్నారు, షిప్‌మెంట్ టైం దగ్గర పడింది కాబట్టి. కరెంటు పోయింది, పై అంతస్తుల్లో జనరేటర్లు వేశారు, కాసేపటికే మొత్తం కూలింది. 1,134 మంది పోయారు. నేనప్పుడు గాజీపూర్‌లోనే ఉన్నాను. మా లైన్లలో చాలామందికి సావర్‌లో చుట్టాలున్నారు, ఆ మధ్యాహ్నం మెషిన్లు ఆగిపోయాయి, ఎవరూ ఆపమనలేదు, అవే ఆగిపోయాయి.

తర్వాత మూడు వారాల్లోనే అకార్డ్ అని ఒక ఒప్పందం పుట్టింది. యూరప్, ఇతర దేశాల బ్రాండ్లు, కార్మిక సంఘాలు సంతకాలు చేశాయి. అంతకుముందు బ్రాండ్లు ఇచ్చిన మాటలకి దీనికి తేడా, ఇది చట్టప్రకారం కట్టుబడాల్సినది. 1,600కి పైగా ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు తిరిగారు. మా దగ్గరకీ వచ్చారు. మెట్ల దగ్గర మడిచే ఇనుప గేట్లు ఉండేవి, రాత్రి షిఫ్టులో తాళం వేసేవాళ్లు. ఆ గేట్లు పీకించి ఫైర్ డోర్లు పెట్టించారు, తోస్తే లోపలి నుంచి తెరుచుకునేవి. ఆ తలుపులు బిగించిన రోజు ఒక హెల్పర్ అమ్మాయి నాలుగుసార్లు తోసి తెరిచి చూసింది.

ఇప్పుడు మానేసే సంగతి. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్, పిల్లలతో చేయించిన వస్తువుల దిగుమతి ఆపాలని బిల్లు ప్రతిపాదించారు. ఉద్దేశం గొప్పది. బిల్లు చట్టం కాకముందే ఢాకా ఫ్యాక్టరీలు భయపడి దాదాపు 50 వేలమంది పిల్లల్ని ఒక్కసారిగా బయటికి పంపేశాయి. వాళ్లు బడికి వెళ్లలేదు. యునిసెఫ్ వాళ్లు తర్వాత వెతికితే చాలామంది రాళ్లు కొట్టే పనుల్లో, ఇంకా ఘోరమైన పనుల్లో దొరికారు. 1995లో ఫ్యాక్టరీల సంఘం, ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), యునిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకుని, పిల్లలకి బడి, కొంత భత్యం ఏర్పాటు చేశాక పరిస్థితి కొంత చక్కబడింది. దూరం నుంచి తలుపు మూసేస్తే లోపల ఉన్నవాళ్ల మీదే పడుతుంది.

2020 మార్చి, ఏప్రిల్‌లో ఇంకోటి చూశాం. కరోనా రాగానే షాపులు మూసేసి బయ్యర్లు ఒక్క బంగ్లాదేశ్‌లోనే మూడు వందల కోట్ల డాలర్లకి పైగా ఆర్డర్లు రద్దు చేశారు, లేదా ఆపేశారు. కుట్టేసి పెట్టెల్లో పెట్టిన సరుక్కీ డబ్బు ఇచ్చేది లేదన్నారు కొందరు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. అప్పుడు కొనేవాళ్లే సోషల్ మీడియాలో పట్టుబట్టి అడిగారు, ఒక్కొక్కరూ వెనక్కి తగ్గి చెల్లిస్తామన్నారు. కొనేవాళ్లు అడిగితే వింటారని నేను కళ్లారా చూసింది అదే.

కాబట్టి కొనండి, కొన్న బ్రాండు వెబ్‌సైట్‌లో రెండు విషయాలు చూడండి. ఏ ఫ్యాక్టరీల్లో కుట్టిస్తున్నారో పేర్లతో జాబితా పెట్టారా, ఇప్పుడు నడుస్తున్న ఇంటర్నేషనల్ అకార్డ్‌లో సంతకం చేశారా. లేకపోతే ఒక ఈమెయిల్ రాయండి. మీ భాషలో, మీ పిల్లల పేరుతో రాసినా సరే.

ప్ర: మా వరంగల్ టెక్స్‌టైల్ పార్కులో కొరియా కంపెనీ పెట్టుబడి పెడుతోంది. భూమి, కరెంటు, రాయితీలు అన్నీ ఇచ్చి తెచ్చుకుంటున్నాం. రేపు ఇంకెక్కడో చవగ్గా దొరికితే పోరా? (విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ)

జ: పోవచ్చు సార్. పోయిన చోట్లు ఉన్నాయి.

ఇథియోపియాలో హవాసా అనే ఊళ్లో పెద్ద గార్మెంట్ పార్కు 2016లో తెరిచారు. షెడ్లు, కరెంటు, అన్నీ సిద్ధం చేసి కంపెనీల్ని పిలిచారు. అక్కడ మొదలుపెట్టే జీతం నెలకి 26 డాలర్లని 2019లో ఒక అమెరికా యూనివర్సిటీ నివేదిక రాసింది, ఢాకాలో కూడా అంత తక్కువ లేదు. ఆ బట్టలకి ఉన్న బలమంతా ఆగోవా అనే చట్టం కింద అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు. అంతర్యుద్ధం వచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమెరికా ఆ మినహాయింపు తీసేసింది. పార్కుకి మొదటి పెద్ద పేరుగా వచ్చిన అమెరికా కంపెనీ అంతకు ముందే 2021 నవంబరులో సర్దుకుంది. గుడ్డ బయటిది, దారం బయటిది, బయ్యరు బయటివాడు. మిగిలింది షెడ్లు.

కోస్టారికాలో వేరేలా జరిగింది. ఇంటెల్ 1990ల చివర్లో అక్కడ చిప్పుల ఫ్యాక్టరీ పెట్టింది, 2014లో అసెంబ్లీని ఆసియాకి మార్చేసింది, దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. కానీ ఆ పదిహేనేళ్లలో ఆ చిన్న దేశం టెక్నికల్ కాలేజీల్లో కోర్సులు మార్చుకుంది, ఇంగ్లిష్ నేర్పింది, ఇంజనీర్లు తయారయ్యారు. వాళ్లని చూసి వైద్య పరికరాల కంపెనీలు వచ్చాయి. ఈ రోజు ఆ దేశం ఎగుమతుల్లో మొదటిది వైద్య పరికరాలే.

మీ వరంగల్‌కి వస్తున్న యంగ్‌వన్ సంగతి. ఆ కొరియా కంపెనీ చిట్టగాంగ్‌లో 1980ల మొదట్లోనే ఫ్యాక్టరీ పెట్టింది, నలభై ఏళ్లకు పైగా అక్కడే ఉంది, మధ్యలో ప్రభుత్వాలు మారినా, తుపాన్లు వచ్చినా. ఎందుకు ఉంది? అక్కడ దానికి కావలసినవన్నీ చుట్టూ పెరిగాయి. ఈ చుట్టూ పెరగడం అంటే ఏమిటో నా అనుభవం చెబుతాను. 2013 చివర్లో మా ఫ్యాక్టరీలో ఎనభై వేల చొక్కాలు కుట్టడం పూర్తయింది. బొత్తాలు లేవు. అవి చైనా నుంచి రావాలి, కంటైనర్ చిట్టగాంగ్ రేవులోనే ఉంది, ఎన్నికల ముందు వరసగా హర్తాళ్లు, రోడ్డు మీద లారీ కదలదు. ఆ చిన్న బొత్తాల కోసం చొక్కాలు హ్యాంగర్ల మీద పదకొండు రోజులు వేలాడాయి. ఓడ వెళ్లిపోయింది. విమానంలో పంపాల్సొచ్చింది, ఆ ఖర్చు బయ్యరు పెట్టుకోడు, ఫ్యాక్టరీయే పెట్టుకోవాలి, ఆ ఆర్డర్లో లాభం పోగా చేతి నుంచి పడింది. ఆ నెల ఓవర్‌టైం డబ్బులు కార్మికులకి ఆలస్యంగా అందాయి. ఆ తర్వాత మా ఓనరు బొత్తాలు, అట్టపెట్టెలు, లేబుళ్లు ఎంత వీలైతే అంత ఢాకా చుట్టుపక్కలే కొనాలని నిర్ణయించుకున్నాడు. అలా వందలమంది ఓనర్లు ఒకేలా అనుకున్నాక అక్కడ ఆ చిన్న పరిశ్రమలు నిలబడ్డాయి. నిట్ బట్టల్లో అయితే ఇంకా ముందే జరిగింది, యూరప్ సుంకం మినహాయింపు కావాలంటే నూలు నుంచి గుడ్డ అల్లడం కూడా మీ దగ్గరే చెయ్యాలని పాత నియమం ఉండేది, ఆ ఒత్తిడితోనే వాళ్లు అల్లిక, స్పిన్నింగ్ మిల్లులు పెట్టుకున్నారు. నేసిన గుడ్డ చొక్కాలకి మాత్రం ఇప్పటికీ చాలావరకు చైనా గుడ్డ మీదే ఆధారం.

వాళ్లకీ ఇప్పుడు టెన్షన్ మొదలైంది. అతి పేద దేశాల జాబితా నుంచి బయటికి రావడానికి 2026 నవంబరు గడువుగా ఐక్యరాజ్యసమితి 2021లో నిర్ణయించింది. బయటికొస్తే సుంకం మినహాయింపులు ఒక్కొక్కటిగా పోతాయి. ఆ రోజుకి వాళ్లని నిలబెట్టేది నలభై ఏళ్లుగా నేర్చుకున్న పనే.

వరంగల్‌లో పత్తి ఉంది, చుట్టూ జిన్నింగ్ మిల్లులున్నాయి, పక్కన సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే చేతులున్నాయి. రాయితీ ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చేటప్పుడు అడగాల్సినవి అడిగారా అన్నదే నా దిగులు. కొత్త డిజైన్ల నమూనాలు కుట్టే శాంపిల్ రూమ్ ఈ పార్కులోనే ఉంటుందా, సియోల్‌లోనా? ప్యాటర్న్ మాస్టర్లు (కత్తిరించే కొలతలు గీసేవాళ్లు), మర్చండైజర్లు మనవాళ్లుంటారా? గుడ్డలో ఎంత భాగం ఇక్కడ నేసింది కొంటారు, ఎన్నేళ్లలో? మీరు విశ్రాంత ఉద్యోగి కదా సార్, కాగితాలు ఎలా అడగాలో మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు. సమాచార హక్కు కింద ఒప్పందంలో ఈ మూడూ ఉన్నాయో లేదో అడిగి చూడండి, జవాబు వస్తే మాకూ పంపండి, వేస్తాం.

ప్ర: మా అమ్మాయి ఇంటర్ అయింది. గార్మెంట్ ఫ్యాక్టరీలో చేరతానంటోంది. ఏజెంటు వచ్చి హాస్టల్, జీతం అన్నాడు. పంపమంటారా? (తల్లి, శ్రీకాకుళం జిల్లా)

జ: అమ్మాయికి ఇష్టమైతే పంపండి అమ్మా, కానీ ఏజెంటు మాట మీద పంపొద్దు. మీరు కానీ, ఇంట్లో పెద్దవాళ్లు కానీ ఒకసారి వెంట వెళ్లి హాస్టల్ చూడండి, రాత్రి గేటుకి బయటి నుంచి తాళం వేస్తారా, అమ్మాయిల దగ్గర ఫోన్ ఉండనిస్తారా అని అక్కడ ఉండే పిల్లల్నే అడగండి. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, ఓవర్‌టైంకి రెట్టింపు ఇస్తారా కనుక్కోండి, అది చట్టం. చేరేటప్పుడు డబ్బు కట్టమన్నా, ఆధార్, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుంటామన్నా అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. మొదటి నెల జీతం స్లిప్పు ఫోటో తీసి మీకు పంపమనండి. ఏడాది తర్వాత కటింగ్, క్వాలిటీ, ప్యాటర్న్ పనుల్లో ట్రైనింగ్ ఇస్తారా అని కూడా ఆ మొదటి రోజే అడిగి రండి.